అట్లాంటా, 1954: మిల్డ్రెడ్ బర్క్ ఓడిందా, ఓడించారా?

పాత_టేపులు
మహిళల ప్రొఫెషనల్ రెజ్లింగ్ చరిత్ర ఎవరు రాసినా 1984 జులై 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వెండీ రిక్టర్ బెల్టు గెలిచిన రాత్రితో మొదలుపెడతారు. కొందరైతే ఇంకా ఇవతలికి జరిగి, అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ మహిళల పోటీలకు ప్రాధాన్యం పెంచిన 2015తో మొదలుపెడతారు. అంతకుముందు జరిగిందంతా ‘ఫాబ్యులస్ మూలా 28 ఏళ్ళు ఛాంపియన్’ అనే ఒక్క వాక్యంలో చుట్టేస్తారు. 1937 నుంచి 1954 దాకా ఛాంపియన్‌గా అమెరికా అంతా తిరిగి, మగవాళ్ళ పోటీలకు దీటుగా హాళ్ళు నింపిన మిల్డ్రెడ్ బర్క్ పేరు ఆ వ్యాసాల్లో కనబడదు, కనబడినా అక్షరదోషంతో కనబడుతుంది.

నేను పాత ఛాంపియన్ల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. 1954 ఆగస్టు 20న జార్జియా రాష్ట్రం అట్లాంటాలో జూన్ బయర్స్‌తో జరిగిన పోటీ దగ్గర ఆగిపోయాను. కొన్ని జాబితాల్లో బయర్స్ గెలిచినట్టు ఉంది. మరికొన్నింటిలో బర్క్ అసలు ఓడకుండానే రింగు నుంచి తప్పుకున్నట్టు ఉంది. దానిని ఓటమిగా లెక్కించాలా, వద్దా?

గోదా_గంగాధర్
ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుని రింగెక్కే ఆటలో ఓటమి లెక్కలేమిటండీ? వీధినాటకంలో రావణుడు ఈసారైనా గెలుస్తాడేమోనని పందెం కాసినట్టుంది.

రింగు_పక్క_కుర్చీ
గంగాధర్ గారు చెప్పింది ఆ కాలపు మిగతా రాత్రులన్నింటికీ వర్తిస్తుంది కానీ ఆ ఒక్క రాత్రికి వర్తించదు. ఫలితం మీద ముందస్తు ఒప్పందం కుదరని పోటీ అది. పాత_టేపులు గారి చిక్కు అంతా అక్కడే ఉంది.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. బర్క్‌కు పట్లు నేర్పిన గురువు, ఆమె మేనేజరు, ఆ తరువాత భర్త, ముగ్గురూ ఒక్కడే, బిల్లీ వుల్ఫ్. 1952లో వాళ్ళకు విడాకులయ్యాయి. వ్యాపారాన్ని ఆమెకు అమ్మి తాను తప్పుకుంటానని ఒప్పుకున్న వుల్ఫ్ ఆ మాట నిలబెట్టుకోలేదు. ఆమె కంపెనీ అప్పుల్లో పడి కోర్టు పర్యవేక్షణలోకి వెళ్ళేసరికి పెత్తనం మళ్ళీ అతని చేతికే వచ్చింది. అట్లాంటాలో ఆమెకు ఎదురు నిలబెట్టిన జూన్ బయర్స్ ఎవరో కాదు, వుల్ఫ్ కోడలు.

మూడు పట్లలో, అంటే మూడు విడతల్లో, రెండు గెలిచినవారిది బెల్టు. మొదటి పట్టు బయర్స్ గెలిచింది. మోకాలు పట్టేసిందని, దానిని సరిచేసుకునే వ్యవధి కోసం ఆ పట్టును తానే వదిలేశానని బర్క్ తరువాత చెప్పుకుంది. రెండో పట్టు తేలలేదు. పోటీ మొదలై దాదాపు గంట గడిచాక అధికారులు ఆపేశారు. రెండు పట్లు పోలేదు కాబట్టి బెల్టు తనదేననుకుని బర్క్ డ్రెస్సింగ్ గదికి వెళ్ళిపోయింది. పత్రికల్లో మాత్రం కొత్త ఛాంపియన్ జూన్ బయర్స్ అని వచ్చింది.

ఎర్ర_మిరప
అంటే రింగులో తేలనిది టెలిఫోనులో తేలిందన్నమాట.

నిక్కచ్చి_నారాయణ
ఈ కథలో బయర్స్‌ను మామగారి చేతిలో కీలుబొమ్మగా చూపడం నాకు సమ్మతం కాదు. ఆ రోజుకు బర్క్ వయసు 39, బయర్స్ వయసు 32. బర్క్ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు కాగా బయర్స్ ఆమెకంటే స్పష్టంగా పొడగరి, మోటు పట్లకు పేరుబడ్డ మనిషి. ఒప్పందం లేని పోటీలో అలాంటి మనిషి మొదటి పట్టు గెలిచి, మిగతా సమయమంతా ప్రపంచ ఛాంపియన్‌ను నిలువరించిందంటే దానిని కేవలం కుట్రగా కొట్టిపారేయలేము. మోకాలి సంగతి మనకు బర్క్ నోటినుంచే తెలుసు. ఓడినవారి మోకాలు నొప్పి పెట్టని పోటీ ఎక్కడైనా ఉందా?

పాత_టేపులు
నారాయణ గారి వాదనలో బలం ఉంది. అయినా నిబంధన ప్రకారం రెండు పట్లు పోతేనే బెల్టు పోవాలి. ఒక్క పట్టుతో ఛాంపియన్ మారినట్టు పట్టికలో ఎలా రాయమంటారు?

కొలంబస్_కృష్ణ
నేను ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటాను. వుల్ఫ్ తన వ్యాపారమంతా ఈ ఊరి నుంచే నడిపాడు కాబట్టి, ఈ విషయం మీద కాస్త ఆసక్తితో చదివాను.

బెల్టు ఎవరిదన్న ప్రశ్నకంటే బుకింగ్ ఎవరిదన్నదే అప్పట్లో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ఏ ఊరి ప్రమోటర్‌కైనా మహిళల పోటీ కావాలంటే కొలంబస్‌కు ఫోను చేయాలి. ఏ ఇద్దరిని పంపాలో, ఎవరు గెలవాలో, వసూళ్ళలో ఎవరికెంతో వుల్ఫే నిర్ణయించేవాడు. రెజ్లర్ల సంపాదనలో భారీ వాటా అతనికే పోయేది. శిక్షణ ఇచ్చేవాడూ అతనే, పని చూపించేవాడూ అతనే, పని ఆపేసేవాడూ అతనే. అతనితో పేచీ పెట్టుకున్న అమ్మాయికి ఆ ఊరు కాకపోతే ఇంకో ఊరు అనే దారి ఉండేది కాదు, ఎందుకంటే ఇంకో ఊరి ప్రమోటరు కూడా అదే నంబరుకు ఫోను చేస్తాడు.

ఇటువంటి ఏర్పాటులో ఛాంపియన్ ఒక్కతే అతనికి ప్రమాదకరమైన మనిషి. ఆమె పేరు చూసి జనం టికెట్టు కొంటారు కాబట్టి, ఆమె విడిపోతే ఫోన్లు ఆమెకు రావడం మొదలవుతుంది. అట్లాంటాలో అతను లాక్కోవాలని చూసింది ఆ టికెట్లనే.

గోదా_గంగాధర్
ఇది అర్థమయ్యే మాట. బెల్టు తోలుది, బుకింగ్ బంగారంది.

పట్టు_వదలని_పద్మ
కృష్ణ గారు రాసింది చదివి నా కాలేజీ రోజులు గుర్తుకొచ్చాయి. తిరునాళ్ళలో ఆడపిల్లలకు కుస్తీ పోటీలు పెట్టినప్పుడు మా జట్టు వెళ్ళేది. గెలిచిన అమ్మాయి మెడలో దండ వేసి, ఫొటో తీసి, నగదు కవరు మాత్రం మమ్మల్ని తీసుకెళ్ళిన శిక్షకుడి చేతిలో పెట్టేవారు. ఆయన బస్సు ఛార్జీలు, భోజనాలు, ‘ఇతర ఖర్చులు’ మినహాయించి మిగిలింది ఇచ్చేవాడు. ఆ ఇతర ఖర్చులేమిటని అడిగిన అమ్మాయిని తరువాతి ఊరికి తీసుకెళ్ళలేదు. వుల్ఫ్ గురించి చదవడానికి నాకు నిఘంటువు అవసరం రాలేదు.

చెరువుగట్టు
అసలు బర్క్ ఈ రంగంలోకి ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పండి. సర్కసులోనుంచా?

రింగు_పక్క_కుర్చీ
సర్కసు కాదు, హోటలు. 1915లో కాన్సస్ రాష్ట్రంలోని కాఫీవిల్‌లో పుట్టింది, పుట్టినప్పటి పేరు మిల్డ్రెడ్ బ్లిస్. కాన్సస్ సిటీలో తల్లి నడిపే హోటల్లో వడ్డన చేసేది. మొదటి భర్త వదిలేసి పోయాడు, చేతిలో పసిబిడ్డ. కుస్తీ చూసి అది నేర్చుకోవాలనే పట్టుదల కలిగి, అప్పటికే పేరున్న వుల్ఫ్‌ను అడిగింది. ఆమెను వదిలించుకోవడానికి వుల్ఫ్ ఒక కుర్రవాడిని పిలిచి గట్టిగా ఎత్తి పడేయమని పురమాయించాడని, ఆమె ఆ కుర్రవాడినే ఎత్తి పడేసిందని చెబుతారు.

1935 నుంచి ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్లలో పోటీలు మొదలయ్యాయి. డేరా బయట చెక్క వేదిక మీద ఆమెను నిలబెట్టి, వుల్ఫ్ జనాన్ని రెచ్చగొట్టేవాడు. బరువులో ఆమెకంటే 20 పౌన్లకు మించని మగవాడెవరైనా పది నిమిషాల్లో ఆమె భుజాలు నేలకు ఆనిస్తే 25 డాలర్లు బహుమతి. ఆర్థిక మాంద్యం రోజులవి, 25 డాలర్లంటే చిన్న సొమ్ము కాదు. వేదికెక్కే కుర్రవాడికి డబ్బు ఆశ ఒకవైపు, స్నేహితుల ఎగతాళి ఇంకోవైపు.

నిక్కచ్చి_నారాయణ
రెండు వందల మంది మగవాళ్ళతో తలపడి ఒక్కడి చేతిలోనే ఓడానని ఆమె చెప్పుకున్న లెక్కను కూడా నమ్మమంటారా?

రింగు_పక్క_కుర్చీ
ఆ అంకెకు నేను హామీ ఉండను. ఎగ్జిబిషన్ వ్యాపారంలో అంకెలు ఎప్పుడూ కాస్త బొద్దుగానే ఉంటాయి. కానీ షరతును మరోసారి చదవండి. ఆమె గెలవనక్కరలేదు. పది నిమిషాల పాటు భుజాలు నేలకు ఆనకుండా చూసుకుంటే చాలు. అవతలివాడు పొలం పని చేసే బలశాలి కావచ్చు కానీ పట్టు తెలిసినవాడు కాదు. మెడ మీద, పాదాల మీద బరువు నిలిపి నడుమును విల్లులా ఎత్తిపెట్టడం ఆమె ప్రతిరోజూ చేసే సాధన. పట్టు తెలియని మనిషి ఆ విల్లును అణచడానికి తన బలమంతా మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఖర్చు చేసుకుని, తరువాత ఊపిరి కోసం వెతుక్కుంటాడు. కాబట్టి చాలామంది డబ్బు గెలవకుండా దిగిపోయారనడంలో అసంభవమేమీ లేదు.

ఎర్ర_మిరప
25 డాలర్లు రాలేదు, పెళ్ళి సంబంధం కూడా తప్పిపోయి ఉంటుంది పాపం.

తాలీంఖానా_తమ్ముడు
పెళ్ళి మాట వచ్చింది కాబట్టి మన దేశపు మనిషిని తలచుకోకుండా ఎలా? ‘నన్ను ఓడించినవాడిని పెళ్ళాడతాను’ అని మగ పహిల్వాన్లకు సవాలు విసిరిన హమీదా బాను కూడా అదే 1954లో వార్తల్లో ఉంది. మీర్జాపూర్‌లో పుట్టి, అలీగఢ్‌లో సలాం పహిల్వాన్ దగ్గర తర్ఫీదు పొందింది. ఆ ఏడాది మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ను 1 నిమిషం 34 సెకన్లలో చిత్తు చేసింది. ఆ తరువాత ఆయన కుస్తీ మానేశాడు. అంతకుముందు ఆమెతో తలపడవలసిన ‘ఛోటే గామా’ అనే పహిల్వాన్ చివరి నిమిషంలో తప్పుకున్నాడు. బొంబాయిలో ‘ఆడ ఎలుగుబంటి’గా పేరున్న రష్యన్ రెజ్లర్ వేరా చిస్తిలిన్‌ను ఒక్క నిమిషంలోపే ముగించింది. 2024 మే 4న గూగుల్ డూడుల్ పెట్టినప్పుడు మా తాలీంలో సగం మంది మొదటిసారి ఆ పేరు విన్నారు.

చెరువుగట్టు
ఆమె రోజువారీ భోజనం పట్టిక నేనూ చదివాను. అయిదున్నర లీటర్ల పాలు, కిలో దాకా మటన్, ఒక కోడి, ఆరు గుడ్లు, అర కిలో వెన్న, బాదం పప్పు, ఆపైన రెండు పళ్ళేల బిర్యానీ. హైదరాబాదులో ఏ అన్‌లిమిటెడ్ హోటలైనా ఆమెను చూసి బోర్డు తిప్పేసేది.

గోదా_గంగాధర్
హమీదా బాను పోటీలు కూడా లాలూచీ కుస్తీలేనని ఆనాడే అన్నారు కదా? ఆమెను ఎందుకు కలుపుతున్నారు?

తాలీంఖానా_తమ్ముడు
అన్నారు. బొంబాయి రాష్ట్రంలో పోటీలు ఆపేసినప్పుడు ఆమె ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఫిర్యాదు చేసింది. ఆడమనిషి అన్న కారణంతో కాదని, నిర్వాహకులు ఆమె మీదికి డమ్మీలను దింపుతున్నారనే ఫిర్యాదుల వల్లనని ఆయన జవాబిచ్చాడు. కానీ గంగాధర్ గారూ, కొల్హాపూర్‌లో ఆమె ఒక మగ పహిల్వాన్‌ను ఓడించాక జనం రాళ్ళు రువ్వారు, పోలీసులు కలగజేసుకోవలసి వచ్చింది. అది నాటకమని నమ్మిన జనమే అయితే రాళ్ళు విసిరేంత కోపం ఎందుకు వస్తుంది? ఆడదాని చేతిలో మగవాడు పడ్డాడని నమ్మారు కాబట్టే కోపం వచ్చింది. మగ పహిల్వాన్లు కూడా ఆనాడు టికెట్టు కుస్తీలు ఆడారు, వాళ్ళ మీదా ఇవే అనుమానాలు ఉండేవి. అనుమానం పేరుతో ఆగిపోయిన పోటీలు ఎవరివో చూడండి.

పట్టు_వదలని_పద్మ
ఆమె గురువు సలాం పహిల్వానే, ఆమె యూరప్ వెళ్ళకుండా ఆపడానికి కొట్టి చేతులు విరగ్గొట్టాడని ఆమె కుటుంబసభ్యులు చెప్పిన కథనం ఉంది. చివరి రోజుల్లో కల్యాణ్‌లో పాలు, చిరుతిళ్ళు అమ్ముకుని బతికింది. కృష్ణ గారి కొలంబస్ ఫోను కథకూ దీనికీ నాకు పెద్ద తేడా కనబడలేదు.

లా_పాయింట్_లక్ష్మి
ఆపేయడం గురించి ఒక చట్టపరమైన సంగతి చేరుస్తాను. ఆ రోజుల్లో అమెరికాలో చాలా చోట్ల మహిళల రెజ్లింగ్ నేరం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ నిషేధం 1972లో గానీ పోలేదు. ఒరెగాన్‌లో జెర్రీ హంటర్ అనే రెజ్లర్ తన శిక్షను సవాలు చేసినప్పుడు, 1956లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది. చట్టం చేసిన సభలో ఎక్కువమంది మగవారేనన్నది తమకు తెలుసునని తీర్పులోనే చెప్పి, స్త్రీల దాడికి లొంగని ఒక్క దీవినైనా జీవన సాగరంలో మగవాళ్ళకు మిగల్చాలని వారు తలచి ఉంటారని న్యాయమూర్తులు రాశారు. చమత్కారంగా రాశామనుకుని ఉంటారు. ఆ చమత్కారం ఖరీదు ఒక మనిషి జీవనోపాధి.

ఎర్ర_మిరప
ఆ దీవికి ఇప్పుడు పడవలు నడుస్తున్నాయని ఎవరైనా కబురు పెట్టండి.

నిక్కచ్చి_నారాయణ
మార్గదర్శకుల మాటకు వస్తే బర్క్ మొదటి మనిషి కాదు. బఫెలోకు చెందిన కోరా లివింగ్‌స్టన్ 1910 ప్రాంతాల్లోనే ప్రపంచ ఛాంపియన్‌గా గుర్తింపు పొందింది. ఆమె భర్త పాల్ బౌసర్ తరువాత బోస్టన్‌లో పెద్ద ప్రమోటర్ అయ్యాడు. 1937లో బర్క్ ఓడించిన క్లారా మార్టెన్సెన్ కూడా అప్పటికే పేరున్న ఛాంపియన్.

కొలంబస్_కృష్ణ
నారాయణ గారి జాబితాకు ముగ్గురు అక్కచెల్లెళ్ళను చేర్చాలి: బాబ్స్ వింగో, ఎథెల్ జాన్సన్, మార్వా స్కాట్. 1950ల మొదట్లో వుల్ఫ్ బృందంలో చేరిన నల్లజాతి మహిళలు. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లజాతి రెజ్లర్లు దిగిన హోటల్లో వీరికి గది దొరికేది కాదు, ప్రేక్షకులను కూడా విడివిడిగా కూర్చోబెట్టేవారు. ఆ స్థితిలోనే వీరి పోటీ మెయిన్ ఈవెంటుగా నిలిచిన సందర్భాలున్నాయి. ఎథెల్ గాలిలోకి లేచి రెండు పాదాలతో కొట్టే డ్రాప్‌కిక్‌కు ప్రసిద్ధి. ఆమె 2018లో చనిపోయింది, డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చింది 2021లో. వుల్ఫ్ ఈ ముగ్గురినీ తీసుకున్నది ఉదారతతో కాదు, నల్లజాతి ప్రేక్షకుల టికెట్లు కూడా టికెట్లేనని అతనికి ముందుగా తట్టింది. ఉద్దేశం ఏదైనా, రింగులో చెమటోడ్చింది వాళ్ళు.

మూలా_అభిమాని
అందరూ వుల్ఫ్‌ను తిడుతున్నారు, బర్క్‌ను పొగుడుతున్నారు. న్యూయార్క్ నిషేధం తొలగించడానికి నిలబడి, 1972లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ రింగులోకి అడుగుపెట్టిన మూలా గురించి ఒక్క మంచిమాట లేదేం?

పట్టు_వదలని_పద్మ
ఆ మేలును ఎవరూ కాదనరు. కానీ లిలియన్ ఎలిసన్, అంటే మూలా, దక్షిణ కరోలినాలోని కొలంబియాలో సొంత స్థలంలో అమ్మాయిలకు శిక్షణ ఇస్తూ, వాళ్ళ దగ్గర అద్దె తీసుకుంటూ, వాళ్ళ ప్రతి పోటీ సంపాదనలో వాటా తీసుకుంటూ నడిపిన వ్యవస్థ వుల్ఫ్ వ్యవస్థకు అచ్చమైన నకలు. ఆమె దగ్గర పనిచేసిన పలువురు రెజ్లర్లు ఇంకా తీవ్రమైన ఆరోపణలు చేశారు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ వార్షిక ప్రదర్శన రెజిల్‌మేనియా 34లో మహిళల బ్యాటిల్ రాయల్‌కు (అందరూ ఒకేసారి రింగులో దిగి, చివరికి మిగిలినవారు గెలిచే పోటీ) ఆమె పేరు పెట్టి, అభిమానులు ఎదురు తిరగడంతో, స్పాన్సర్ కూడా అసంతృప్తి చెప్పడంతో కొద్ది రోజుల్లోనే తీసేశారు.

మూలా_అభిమాని
ఆరోపణలకు ఆమె జవాబు చెప్పుకోలేదు, 2007లోనే చనిపోయింది. ఆ కాలంలో మగ ప్రమోటర్లందరూ చేసిన పనే ఆమె చేస్తే ఆమె పేరు మాత్రమే తుడిచేస్తారా?

నిక్కచ్చి_నారాయణ
తుడిచేయమని కాదు, లెక్క సరిగా రాయమంటున్నాము. ఆ 28 ఏళ్ళ ఏకధాటి పాలన కూడా కల్పనే. మధ్యలో బెట్టీ బౌచర్, జపాన్‌కు చెందిన యుకికో తొమోయే వంటివారికి ఆమె బెల్టు పోగొట్టుకుని మళ్ళీ తీసుకుంది. ఆ పేర్లను డబ్ల్యూడబ్ల్యూఈ తరువాత లెక్కలోనుంచి తొలగించింది. మీ మూలా కోసం వాళ్ళను తుడిచేశారు మరి.

చెరువుగట్టు
జపాన్ మాట వచ్చింది. అక్కడ బర్క్ పేరుకు ఉన్న గౌరవం అమెరికాలో ఎందుకు లేదు?

రింగు_పక్క_కుర్చీ
అట్లాంటా తరువాత అమెరికాలో ఆమెకు తలుపులు మూసుకుపోయాయి, అందుకే 1954 నవంబరులో మే యంగ్ తదితర రెజ్లర్లను వెంటబెట్టుకుని జపాన్ వెళ్ళింది. ఆ పర్యటన చూసి అక్కడి అమ్మాయిలు రెజ్లింగ్‌లోకి రావడం మొదలుపెట్టారు. ఆ తొలి ఊపు చల్లబడినా, 1968లో మత్సునాగా సోదరులు ఆల్ జపాన్ విమెన్స్ సంస్థ పెట్టాక, బర్క్ స్థాపించిన డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఏ అనే సంస్థ పేరుతో ఉన్న ఎర్ర బెల్టే ఆ సంస్థలో అత్యున్నత బహుమతి అయింది. 1980ల్లో క్రష్ గాల్స్ అనే రెజ్లర్ల జంట కోసం స్కూలు పిల్లలు హాళ్ళు నింపారు. స్కూలు పిల్లలే టికెట్టు కొని వచ్చేంత మహిళా రెజ్లింగ్ ఆనాడు అమెరికాలో లేదు. బర్క్ పేరు డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వచ్చింది 2016లో, ఆమె చనిపోయిన 27 ఏళ్ళకు. మే యంగ్ మాత్రం 2010లో 87 ఏళ్ళ వయసులో రింగెక్కి మరీ తన లెక్క తానే రాయించుకుంది.

గోదా_గంగాధర్
87 ఏళ్ళకు రింగా! మా ఇంట్లో 60 దాటిన నన్ను స్టూలు ఎక్కనివ్వరు.

పాత_టేపులు
చర్చ విన్నాక పట్టికలో ఇలా రాయదలచాను: ‘అట్లాంటా, 1954 ఆగస్టు 20. మొదటి పట్టు బయర్స్, రెండో పట్టు తేలలేదు, పోటీ ఆపివేత. ఆ తరువాత ప్రమోటర్ల గుర్తింపు బయర్స్‌కు, బర్క్ అంగీకరించలేదు.’ నారాయణ గారికి, కుర్చీ గారికి అభ్యంతరమా?

నిక్కచ్చి_నారాయణ
అభ్యంతరం లేదు. అయితే 1956 వరుసను కూడా అలాగే రాయండి. ఆ ఏడాది సెప్టెంబరు 18న బాల్టిమోర్‌లో బ్యాటిల్ రాయల్ గెలిచి మూలా ఛాంపియన్ అయినప్పుడు బయర్స్ ఇంకా ఛాంపియన్‌గానే తిరుగుతోంది. 1964లో తప్పుకునేదాకా ఆమె ఆ గుర్తింపు వదులుకోలేదు. బర్క్ తన హక్కు ఎలాగూ వదలలేదు. ఆ సంవత్సరానికి మీ పట్టికలో మూడు గడులు కావాలి.

పట్టు_వదలని_పద్మ
పక్కనే నాలుగో గడి పెట్టి, ఆ ఏడాది వాళ్ళ బుకింగ్ ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. బయర్స్ ఎదురుగా వుల్ఫ్ పేరు, బర్క్ ఎదురుగా ఆమె పేరే వస్తాయి.

మూలా_అభిమాని
మూలా ఎదురుగా కూడా ఆమె పేరే రాయాలి. తరువాతి రోజుల్లో మిగతా అమ్మాయిల ఎదురుగా కూడా ఆమె పేరే వస్తుందని నాకు తెలుసు, ఆ గడి కూడా నింపండి, నాకేం భయం లేదు.